చిప్పర్‌కి కంపెనీ బ్లేడు కొనాలా, బయటి బ్లేడు కొనాలా: తేల్చుకునే పద్ధతి

కొమ్మల్ని, మట్టల్ని ముక్కలు చేసే చిప్పర్‌కి బ్లేడు కావాలంటే షాపువాడు కౌంటర్ మీద రెండు బ్లేడ్లు పక్కపక్కన పెడతాడు. రెండూ ఒకే పొడవు, ఒకే మెరుపు, రెండింటికీ మూడేసి కన్నాలు. ఒకటి కంపెనీ డబ్బాలోంచి తీసింది, ఇంకోటి నూనె కాగితంలో చుట్టి ఉన్నది. రెండోదాని ధర మొదటిదాంట్లో సగం కూడా ఉండదు. "రెండూ ఒకటేనండి, మీరిచ్చేది డబ్బాకే" అంటాడు. ఆ మాట ఒక్కోసారి నిజం, ఒక్కోసారి పచ్చి అబద్ధం. ఈసారి నిజమో అబద్ధమో కౌంటర్ దగ్గర నిలబడి కనిపెట్టడం కష్టం. అందుకే షాపుకి బయల్దేరే ముందు ఇంటి దగ్గర కొంత పని చేసుకోవాలి.

నాది ట్రాక్టర్ పీటీవోతో, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టుతో, నడిచే డిస్క్ చిప్పర్. తిరిగే పెద్ద చక్రం మీద బ్లేడ్లు బిగించి ఉంటాయి. ఏలూరు జిల్లా మెట్టలో అద్దెకి తిప్పుతాను. పామాయిల్ మట్టలు, కొబ్బరి మట్టలు, కోకో కొమ్మలు, జామాయిల్, మధ్యమధ్యలో గట్ల మీద తుమ్మ. బ్లేడ్ల మీద పెట్టిన డబ్బు తక్కువేం కాదు, అందులో కొంత నీళ్లలో పోసినట్టే అయింది కూడా. సొంత ఇంజనున్న చిన్న చిప్పర్‌కైనా, డ్రమ్ము రకానికైనా కింది పద్ధతే వర్తిస్తుంది. పశువుల మేత కోసే చాఫ్ కట్టర్ కథ వేరు, దాన్ని ఇందులో కలపకండి.

ముందు పాత బ్లేడుకి పోస్టుమార్టం చేయండి

కొత్త బ్లేడు గురించి చాలా సంగతులు చెప్పేది పాత బ్లేడే. అది ఎలా పాడైందో చూడకుండా కొత్తది కొనడమంటే రోగం అడక్కుండా మందు రాసినట్టే.

విప్పేముందు ట్రాక్టర్ ఆపి తాళం జేబులో వేసుకోండి, పీటీవో షాఫ్టు పూర్తిగా ఊడదీయండి. డిస్కు బరువైనది, ఇంజను ఆగాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. శబ్దం ఆగిందని మూత తెరవద్దు, కంటితో చూసి ఆగిందని తేల్చుకున్నాకే తెరవండి. తర్వాత డిస్కు కదలకుండా లాక్ పిన్ వేయండి, అది లేని మెషీన్‌కి గట్టి చెక్క చీల బిగించండి. ఒక బ్లేడు విప్పగానే ఆ పక్క తేలికై డిస్కు దానంతటదే గిర్రున తిరుగుతుంది. వేళ్లు పోయే ప్రమాదం అప్పుడుంది. చేతికి తోలు గ్లౌజులు ఉండాలి. మొద్దుబారిందని మనం తీసేసే బ్లేడు కూడా చెయ్యి కోయడానికి సరిపడా పదునుతోనే ఉంటుంది.

బ్లేడు చేతికొచ్చాక కిరసనాయిల్‌తో జిగురంతా కడిగి ఎండలో పట్టుకుని అంచు చూడండి.

అంచు పొడవునా ఒకేలా గుండ్రంగా అరిగి ఉంటే అది ఇసుక, మట్టి, పీచు చేసిన పని. మా దగ్గర పామాయిల్, కొబ్బరి మట్టలతో ఇదే జరుగుతుంది. తాటి జాతి చెట్ల పీచులో సిలికా ఉంటుంది, అంటే సన్నటి ఇసుక లాంటిదే. మట్ట చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, కత్తికి మాత్రం ఆకురాయితో సమానం. ఇలాంటి పనికి అరుగుదల తట్టుకునే స్టీలు కావాలి. ఇక్కడ చౌక బ్లేడు నిలబడదు.

అంచు మీద అక్కడక్కడా గండ్లు పడి, మిగతా అంతా బాగానే ఉంటే మేకో, కంచె తీగో, రాయో తగిలిందన్నమాట. గండి పడకుండా కాపాడే స్టీలు ఎవరి దగ్గరా లేదు. కంపెనీదైనా, బయటిదైనా మేకు ముందు ఒకటే.

అంచు ఒక పక్కకి మడత పడినట్టుంటే బ్లేడు మెత్తనిది. వేలితో నిమిరితే ఒకవైపు గీరుకుంటుంది. పళ్లు విరిగినట్టు చిన్న చిన్న పెచ్చులు రాలిపోయి ఉంటే మాత్రం బ్లేడు గట్టిదనం మరీ ఎక్కువై పెళుసుగా ఉండాలి, లేదా కింది బ్లేడుతో (డిస్కుకి ఎదురుగా కదలకుండా బిగించి ఉండేది) సందు సరిగ్గా పెట్టలేదు.

కన్నం దగ్గర్నించి వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు. ఆ బ్లేడుని సానపట్టకండి, అమ్మకండి, "ఇంకో వారం లాగిద్దాం" అనుకోకండి. అది తిరిగేటప్పుడు ఊడితే మూతని చీల్చుకుని వస్తుంది.

ఇంత చూశాక కొత్త బ్లేడే అక్కర్లేదని తేలినా తేలొచ్చు. ముక్కలు ముక్కల్లా కాకుండా పొడిగా, పీచులుగా వస్తున్నా, కొమ్మని లోపలికి లాక్కోకపోయినా అది పదును పోయిన గుర్తు మాత్రమే. వెడల్పు ఇంకా ఉంటే సానపట్టిస్తే చాలు. ఎంత వెడల్పు దాకా వాడొచ్చో మెషీన్ పుస్తకంలో రాసి ఉంటుంది, కొన్ని బ్లేడ్ల మీదే గీత ఉంటుంది. ఆ గీత దాటితే బోల్టుకీ అంచుకీ మధ్య ఇనుము చాలదు. అప్పుడే కొత్తది.

కొలతలు కాగితం మీద పెట్టండి

పొడవు, మందం, కన్నాల మధ్య దూరం, కన్నం వ్యాసం, బోల్టు తల కూర్చునే గుంట లోతు, అంచు వాలు ఎన్ని డిగ్రీలు, పదును ఒకవైపా రెండువైపులా అన్నది రాసుకోండి. వెర్నియర్‌తో కొలవండి, టేపుతో కాదు. వెడల్పు మాత్రం పాత బ్లేడు నుంచి తీసుకోవద్దు. అది ఇప్పటికే నాలుగైదుసార్లు సానపట్టి తగ్గిపోయి ఉంటుంది. పుస్తకంలో ఉన్న కొత్త బ్లేడు కొలతే రాయండి. పార్ట్ నంబరు, మెషీన్ మీది రేకు పలక మీద ఉన్న మోడల్, సీరియల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకే మోడల్‌లో పాత, కొత్త మెషీన్లకి వేరువేరు బ్లేడ్లు ఉండటం మామూలే.

ఒరిజినల్ అంటే ఏమిటో తెలుసుకోండి

చిప్పర్ కంపెనీలు బ్లేడ్లు సొంతంగా కొలిమిలో చేసుకుంటాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువ కంపెనీలు చేసుకోవు. బ్లేడ్లు చేసే ఫ్యాక్టరీలు వేరే ఉంటాయి. మెషీన్ కంపెనీ వాళ్లకి డ్రాయింగు ఇచ్చి, ఈ స్టీలు, ఈ గట్టిదనం, ఇంత కొలత అని చెప్పి చేయించుకుంటుంది. వచ్చినవాటిని తనిఖీ చేసి తన డబ్బాలో పెడుతుంది. కంపెనీయే బయట చేయించుకుంటుంటే కంపెనీదే కావాలన్న పట్టు మనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే డబ్బాకి మనమిచ్చే ఎక్కువ డబ్బు ఆ డ్రాయింగుకీ, తనిఖీకీ, రేపు తేడా వస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నందుకూ. ఆ మూడూ బయటి బ్లేడుతో కూడా దొరికితే డబ్బా అక్కర్లేదు. దొరక్కపోతే సగం ధరకొచ్చినా అది ఖరీదైనదే.

అందుకే "కంపెనీదా, బయటిదా" అని రెండు ముక్కలుగా చూడకండి. మార్కెట్లో నిజానికి నాలుగు రకాలున్నాయి. ఒకటి కంపెనీ డబ్బా. రెండోది పేరున్న బ్లేడు ఫ్యాక్టరీల సరుకు: బ్లేడు మీద వాళ్ల ముద్ర, స్టీలు గ్రేడు ఉంటాయి, అడిగితే గట్టిదనం ఎంతో చెబుతారు. మూడోది ఏ ముద్రా లేని సరుకు, ఎక్కడిదో అమ్మేవాడికీ తెలీదు. నాలుగోది మన ఊరి లేత్ షాపులోనో, కొలిమిలోనో లారీ కమాను పట్టీ కోసి చేసి ఇచ్చేది.

మొదటి రెండింటి మధ్యే నిజమైన ఎంపిక. మూడోది జూదం. నాలుగోది డిస్క్ చిప్పర్‌కి, డ్రమ్ము చిప్పర్‌కి వేయకండి. కమాను పట్టీ మంచి స్టీలే, కానీ దాన్ని చేసింది వంగి లేవడానికి. స్ప్రింగుగా ఉన్నప్పుడు దాని గట్టిదనం 45 హెచ్‌ఆర్‌సీ (స్టీలు గట్టిదనాన్ని రాక్‌వెల్ మెషీన్ మీద కొలిచే లెక్క) దగ్గర ఉంటుంది, అంచు నిలబడదు. గట్టిపడాలని కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి, మళ్లీ సన్నసెగ మీద టెంపరింగ్ చేయకుండా వదిలేస్తే గాజులా పెళుసవుతుంది. చేతి గొడ్డలికి అదే పట్టీ బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఆ కమ్మరి చేతి పనిని తక్కువ చేయడం లేదు. నిమిషానికి వెయ్యిసార్లు తిరిగే డిస్కుకి మాత్రం వద్దు.

ఇంకో మాట. పేరు లేని దిగుమతి మెషీన్ కొన్నవాళ్లకి "ఒరిజినల్" అనేదే ఉండదు. తెప్పించినవాడు అమ్మేది కూడా ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బయటి బ్లేడే. అక్కడ ఒరిజినల్ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వక్కర్లేదు. కొలతలు చూపించి రెండో రకం ఫ్యాక్టరీ బ్లేడు వెతుక్కోవడమే మేలు.

స్టీలు గురించి రెండే ప్రశ్నలు అడగండి

ఏ స్టీలు? హార్డ్‌నెస్, అంటే గట్టిదనం, ఎంత? ఈ రెండింటికీ జవాబు చెప్పలేనివాడి దగ్గర బ్లేడు కొనకండి. "జర్మన్ స్టీలండి, తిరుగులేదు" అనేది జవాబు కాదు. దేశం పేరుతో కత్తి తెగదు.

మామూలుగా వినపడే పేర్లలో ఒకటి డీ2, మన లేత్ షాపుల్లో హెచ్‌సీహెచ్‌సీ అనేది ఈ జాతే. కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దగ్గర ఉంటుంది. అరుగుదలని బాగా తట్టుకుంటుంది, దెబ్బకి మాత్రం కొంచెం పెళుసు. చిప్పర్ బ్లేడ్ల కోసమే వాడే ఎ8 రకం స్టీలు ఇంకోటి. అందులో కార్బన్ అర శాతం దగ్గరే, క్రోమియం 5 నుంచి 8 శాతం. అరుగుదలలో డీ2 కన్నా కాస్త వెనక, దెబ్బ ఓర్చుకోవడంలో ముందు. మట్టలు, ఇసుక నేల తోటలైతే మొదటిది బాగా పనిచేస్తుంది. సరుగుడు, తుమ్మ లాంటి గట్టి కర్ర, ముళ్లూ ముడులూ ఎక్కువుంటే రెండోది. హార్డ్‌నెస్ సాధారణంగా 55 నుంచి 60 హెచ్‌ఆర్‌సీ మధ్య ఉండాలి. 62 అని గొప్పగా చెప్పేవాణ్ణి నమ్మకండి. అది నిజమైతే పెచ్చులు రాలతాయి, అబద్ధమైతే మిగతా మాటలూ అంతే.

చెప్పింది నిజమో కాదో చూడ్డానికి చిన్న పద్ధతుంది. మంచి కొత్త ఆకురాయి ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. బ్లేడు వెనక మూల మీద, అంచు మీద కాదు, షాపువాణ్ణి అడిగి ఒక్కసారి నొక్కి లాగండి. ఆకురాయి గట్టిదనం 60 పైన ఉంటుంది కాబట్టి సరైన బ్లేడు మీద జర్రున జారుతుంది, సన్నటి గీత మాత్రమే పడుతుంది. మెత్తని బ్లేడైతే పళ్లు దిగి, రజను రాలుతుంది. ఆ రజను చూస్తే చాలు, డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఎక్కువ సెట్లు కొనేవాళ్లయితే ఒక బ్లేడుని హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపులో రాక్‌వెల్ మెషీన్ మీద పెట్టించండి. హైదరాబాద్ బాలానగర్ చుట్టుపక్కల, విజయవాడ ఆటోనగర్‌లో వాకబు చేస్తే ఇలాంటి పని చేసేవాళ్లు తగులుతారు.

తూకం వేయండి, ఇది మాత్రం వదలకండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకసారి సీజన్ మధ్యలో కంపెనీ బ్లేడ్లు దొరక్క ముద్ర లేని సెట్టు ఒకటి కొన్నాను. ఆకురాయి జారింది, కన్నాలు సరిపోయాయి, పదును కూడా బాగుంది. బిగించి స్టార్ట్ చేస్తే మెషీన్ చిన్నగా వణుకు. కొత్త బ్లేడు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగో రోజుకి మెయిన్ బేరింగ్ మూలగడం మొదలెట్టింది, వారానికి పోయింది. విప్పి ఇంటిదగ్గర కిరాణా తక్కెడ మీద పెడితే ఒక బ్లేడుకీ ఎదురు బ్లేడుకీ 50 గ్రాముల తేడా. కన్నాల దగ్గర మందం ఒకటే, వెనక అంచు దగ్గర ఒకటి లావు. కంటికి తెలిసే తేడా కాదు.

50 గ్రాములంటే సగం సబ్బు బిళ్ల బరువు, అంత చిన్నదానికి బేరింగ్ ఎలా పోతుందని మా తమ్ముడు నమ్మలేదు. లెక్క వేసి చూపించాల్సొచ్చింది. మధ్య నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు ఆ 50 గ్రాముల తేడా డిస్కుని ఒక పక్కకి 17 కిలోల బరువుతో లాగినట్టు లాగుతుంది. ప్రతి చుట్టుకీ, అంటే నిమిషానికి వెయ్యిసార్లు. వేగం 1500 అయితే అది 17 నుంచి 38 కిలోలకి పెరుగుతుంది. బ్లేడు బరువంతా తీసుకుంటే, కిలో బ్లేడు 1000 చుట్ల దగ్గర తన బోల్టుల్ని 300 కిలోల పైన బలంతో బయటికి గుంజుతుంటుంది.

కాబట్టి గ్రాముల్లో చూపించే ఎలక్ట్రానిక్ తక్కెడ మీద ప్రతి బ్లేడూ విడివిడిగా పెట్టండి. పుస్తకంలో ఎంత తేడా ఒప్పుకుంటారో రాసి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఐదు గ్రాములు దాటితే నేను తిప్పి పంపిస్తాను. నాలుగు బ్లేడ్ల డిస్కులో చిన్న తేడాలుంటే సమానమైన రెండింటిని ఎదురెదురుగా పెట్టండి. కంపెనీ డబ్బా అయినా తూకం మానకండి, నాకు అందులోనూ ఒకసారి తేడా కనిపించింది. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. డబ్బా విలువ తెలిసేది అలాంటప్పుడే.

ఒక డిస్కులో ఒక కంపెనీ బ్లేడు, ఒక బయటి బ్లేడు కలిపి వేయకండి. కొత్తదీ పాతదీ కూడా కలపకండి. ఒకటి విరిగితే సెట్టంతా మార్చాల్సిందే.

గంటకి ఎంత పడుతుందో లెక్కేయండి

బ్లేడు ధర కాదు, బ్లేడుతో గంట పనికి అయ్యే ఖర్చు చూడాలి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మీ దగ్గరి ధరలు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి.

కంపెనీ సెట్టు 12,000 రూపాయలు అనుకుందాం. ఒకసారి సానపడితే 40 గంటలు వస్తుంది, ఆరుసార్లు సానపట్టొచ్చు. కొత్త పదునుతో కలిపి ఏడు విడతలు, 280 గంటలు. సానకి 600 చొప్పున 3,600. మొత్తం 15,600ని 280తో భాగిస్తే గంటకి సుమారు 56 రూపాయలు.

ముద్ర లేని సెట్టు 5,000. పదును 20 గంటలే నిలుస్తుంది, నాలుగుసార్లు సానపట్టేసరికి అయిపోతుంది. ఐదు విడతలు, 100 గంటలు, సానకి 2,400. మొత్తం 7,400. గంటకి 74. పైగా 280 గంటల పనికి కంపెనీ బ్లేడుని ఆరుసార్లు విప్పితే దీన్ని పదమూడుసార్లు విప్పాలి. విప్పిన ప్రతిసారీ కూలీలు చెట్టు కింద కూర్చుంటారు, వాళ్ల కూలి మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

పేరున్న ఫ్యాక్టరీ బయటి సెట్టు 7,500. పదును 35 గంటలు, ఆరు సానలు, 245 గంటలు. మొత్తం 11,100. గంటకి 45. అంటే మంచి బయటి బ్లేడు కంపెనీదాన్నీ దాటింది. నా అనుభవంలో కూడా వరుస ఇదే: మంచి బయటిది, కంపెనీది, చివర్లో చౌకది.

ఇప్పుడు ఇదే లెక్క ఇంకో తోటలో వేయండి. ఊరి పక్క పాత కంచెలు, బడి ఆవరణలు, రోడ్డు పక్క చెట్లు. అక్కడి చెట్టుకి బ్యానర్ మేకులుంటాయి, బట్టలారేసుకునే తీగ బెరడులోకి దిగబడి ఉంటుంది. ఏ బ్లేడుకైనా 15 గంటలకోసారి గండి పడుతుందనుకోండి. గండి పోయేదాకా అరగదీయాలి కాబట్టి మూడు సానలతో వెడల్పు అయిపోతుంది. నాలుగు విడతలు, 60 గంటలు. కంపెనీ సెట్టుకి 13,800, గంటకి 230. చౌక సెట్టుకి 6,800, గంటకి 113. ఇలాంటి పనికి ఖరీదైన బ్లేడు వేయడం కంకర రోడ్డు మీద పట్టుచీర ఈడ్చినట్టు.

అందుకే నా దగ్గర రెండు సెట్లుంటాయి. తోటల పనికి మంచిది, ఊళ్లో చెట్లకి తక్కువ ధరది. తక్కువ ధరదంటే ఆకురాయికి, తూకానికి నిలబడినదే. ఆ రెండింటిలో మాత్రం రాజీ లేదు.

కంపెనీదే కొనాల్సిన సందర్భాలు

మెషీన్ వారంటీలో ఉంటే వేరే ఆలోచన వద్దు. బయటి బ్లేడుతో డిస్కో, బేరింగో పోతే కంపెనీవాడు మొదట అడిగేది బ్లేడు బిల్లే. వారంటీ కాగితంలో విడిభాగాల గురించి రాసిన సన్నక్షరాలు చదవండి. మెషీన్ బ్యాంకు లోనులోనో, సబ్సిడీ మీదో తీసుకుంటే ఆ షరతులు కూడా ఒకసారి చూసుకోండి.

మెషీన్ కొత్తగా కొన్నవాళ్లు వారంటీ అయిపోయినా మొదటి ఒకటి రెండు సెట్లు కంపెనీవే వాడమంటాను. ఆ మెషీన్ అసలు ఎలా నడవాలో, పదును ఎన్ని గంటలు రావాలో మీ చెవికీ చేతికీ తెలియాలి కదా. ఆ కొలబద్ద లేకుండా బయటి బ్లేడు బాగుందో లేదో దేనితో పోలుస్తారు?

బ్లేడుని ప్రత్యేక హోల్డర్‌లో కూర్చోబెట్టే మెషీన్లు, పెద్ద డ్రమ్ము చిప్పర్లు నడిపేవాళ్లు కూడా కంపెనీ సరుకో, ఆ మోడల్‌కే చేశామని రాసిచ్చే ఫ్యాక్టరీ సరుకో తప్ప తీసుకోవద్దు.

బోల్టుల విషయంలో మాత్రం ఎప్పుడూ కంపెనీవే. బ్లేడు ఎవరిదైనా సరే. తల మీద 10.9 లాంటి అంకె ఉంటుంది, అది బోల్టు బలం. మార్కు లేని మామూలు బోల్టు ఎక్కువగా 4.6 రకం. తెగే బలంలో 10.9 దానికి రెండున్నర రెట్లు. హార్డ్‌వేర్ షాపులో పది రూపాయల బోల్టు పట్టిందని వేస్తే, ఇందాక చెప్పిన 300 కిలోల గుంజుడుని ఆపాల్సింది అదే. బోల్టులు మళ్లీ వాడొచ్చా, ఎన్నిసార్లకి మార్చాలి అన్నది పుస్తకం ఎలా చెబితే అలా. మర సాగినట్టు, తల గుంట అరిగినట్టు కనిపిస్తే పుస్తకం చూడాల్సిన పని కూడా లేదు.

షాపులో

కంపెనీ డబ్బా అనగానే నమ్మేయకండి, డబ్బాలకి కూడా నకిలీలున్నాయి. డబ్బా మీది పార్ట్ నంబరు, బ్లేడు మీది ముద్ర, మీ ఫోన్‌లోని ఫొటో మూడూ కలవాలి. ముద్ర అక్షరాలు లోతుగా, సూటిగా ఉంటాయి. రంగుతో అచ్చేసినట్టుంటే అనుమానించండి. అధీకృత డీలర్ కాకుండా ఎవరైనా కంపెనీ బ్లేడు బాగా తక్కువకి ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో మొహమాటం లేకుండా అడగండి.

బ్లేడుని గాజు కౌంటర్ మీద బోర్లా పెట్టి మూలల మీద నొక్కండి. టకటకమంటే వంకర ఉన్నట్టు. అది బిగించాక డిస్కు మీద సమంగా కూర్చోదు, ఒత్తిడి ఒకచోటే పడి పగులుతుంది. పాత బ్లేడు తీసుకెళ్తే కన్నాల మీద కన్నాలు పెట్టి వెలుతురుకి చూడండి, పౌర్ణమి చంద్రుడిలా గుండ్రంగా కనిపించాలి. నెలవంక కనిపిస్తే తేడా ఉంది. "కాస్త రీమర్ వేయించుకోండి, సరిపోద్ది" అంటాడు. గట్టిపరిచిన స్టీలులో కన్నం పెద్దది చేయడం అంత తేలిక కాదు, అయినా కొత్త వస్తువుకి ఆ ఖర్మేం?

జీఎస్టీ బిల్లు తీసుకోండి. మెషీన్ కత్తులకి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకానికిచ్చే నంబరు) 8208తో మొదలవుతుంది. బిల్లులో "ఇనుప సామాను" అని కాకుండా పార్ట్ నంబరు, స్టీలు గ్రేడు రాయించండి. రాయడానికి వెనకాడితే అతను నోటితో చెప్పిన గ్రేడు మీద అతనికే నమ్మకం లేదన్నమాట. కొత్త ఫ్యాక్టరీ సరుకు మొదటిసారి కొంటుంటే ఒక్క సెట్టే కొనండి, "నాలుగు తీసుకుంటే తగ్గిస్తా" అన్నా సరే.

బిగించడం

మంచి బ్లేడుకి చెడ్డపేరు తెచ్చేది బిగింపే. డిస్కు మీద బ్లేడు కూర్చునే చోట జిగురు, పొట్టు గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాన్ని వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా గీకండి. చిన్న చెక్కపేడు మిగిలినా బ్లేడు ఒక పక్క లేస్తుంది. బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా), పుస్తకంలో చెప్పినంతే. పైపు తొడిగి ఒంటి బలంతో బిగించడం మన దగ్గర గొప్పగా చెప్పుకుంటారు, అది బోల్టుని లోపల్నుంచి సాగదీయడమే.

తర్వాత కింది బ్లేడుతో సందు. చిన్న మెషీన్లలో ఇది ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, మీ పుస్తకంలోని అంకె ప్రమాణం. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకులు లేకపోతే హ్యాక్‌సా బ్లేడు తీసుకోండి, పళ్లు లేని పక్క. ఒకటి అరమిల్లీమీటరు పైచిలుకు మందం, రెండు కలిపితే ఒకటింపావు. డిస్కుని చేత్తో తిప్పి ప్రతి బ్లేడుకీ రెండు చివరలా చూడండి. కింది బ్లేడు మూల గుండ్రంగా అరిగిపోయి ఉంటే పైన ఎంత ఖరీదైన బ్లేడు పెట్టినా కొమ్మ తెగదు, నలుగుతుంది. చాలా మెషీన్లలో దాన్ని తిప్పి వేరే అంచు వాడుకోవచ్చు.

పీటీవో తగిలించే ముందు డిస్కుని చేత్తో రెండు చుట్లు తిప్పండి, ఎక్కడా తగలకూడదు. ఖాళీగా ఐదు నిమిషాలు నడిపి శబ్దం వినండి. మొదటి గంట కోకో కొమ్మల్లాంటి మెత్తటివి పెట్టి, ఆపి, బోల్టులు మళ్లీ రెంచ్‌తో చూడండి.

సానపట్టేటప్పుడు రెండే జాగ్రత్తలు. వాలు ఉన్న పక్కే అరగదీయాలి, చదును పక్క ముట్టకూడదు. నీళ్లు పోస్తూ చేసే సర్ఫేస్ గ్రైండర్ మీదే చేయించాలి. చేతి గ్రైండర్‌తో నిప్పురవ్వలు లేపుతూ చేస్తే అంచు నీలంగా తిరుగుతుంది, అంటే అక్కడ వేడెక్కి గట్టిదనం పోయింది. "మీరు చెప్పిన బయటి బ్లేడు రెండో సానకే పోయిందండి" అని వచ్చేవాళ్లలో చాలామంది బ్లేడ్ల మీద ఆ నీలం చూశాను. సెట్టంతా ఒకేసారి ఇచ్చి, అన్నింటికీ ఒకే కొలత తీయించి, ఇంటికొచ్చాక మళ్లీ తూకం వేయండి.

పుస్తకం ఒకటి పెట్టండి

ట్రాక్టర్ టూల్‌బాక్స్‌లో చిన్న నోటు పుస్తకం. సెట్టు ఎక్కించిన తేదీ, గంటల మీటరు రీడింగు, ఏ తోట, ఏ కర్ర, ఎప్పుడు పదును పోయింది, ఎందుకు పోయింది. నాలుగు సెట్లు అయ్యేసరికి మీ నేలకీ మీ చెట్లకీ ఏ బ్లేడు సరిపోతుందో అందులోనే కనిపిస్తుంది. మా బాబాయి కొడుకు కోనసీమలో ఇసుక నేల మీద కొబ్బరి మట్టలే ఆడిస్తాడు. నాకు 35 గంటలొచ్చిన అదే బ్లేడు అతనికి 20 కూడా రాలేదు. ఇద్దరం అబద్ధం చెప్పడం లేదు, నేల వేరు. కాబట్టి పక్కవాడి సలహా, నాది కూడా, మీ పుస్తకంలో అంకెలు పడేదాకానే.

తీసేసిన బ్లేడ్లని షెడ్డు మూలన నిలబెట్టకండి. పిల్లలు వస్తారు, కోళ్ల వెనక పరిగెడతారు. పాత ఇనుము వాడికి ఇచ్చేముందు అంచుకి పాత సైకిల్ ట్యూబు చీల్చి తొడిగి, గోనెపట్టాలో చుట్టి ఇవ్వండి. అతనూ చేత్తోనే పట్టుకోవాలి.